షట్టరు వెనక ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దమనిషి ఎవరో గాని, మూడో కష్టం సంగతి ఎరగడు. ఇల్లు విప్పి చూడు అని ఆయన అనలేదు. కట్టడానికి తాపీమేస్త్రీ దొరుకుతాడు, వడ్రంగి దొరుకుతాడు. విప్పడానికి మనం తప్ప ఎవరూ దొరకరు. గెయిలెన్ టోర్గర్‌సన్, అతని భార్య మార్లిస్ ముప్పై ఏళ్లు కాపురమున్న ఇంటిని ఒక్క చలికాలంలో విప్పి, ఇరవై ఎనిమిది అడుగుల ట్రైలరులో సర్దుకుని రోడ్డు మీదకి వచ్చారు.

నాకు వాళ్లు పరిచయమైంది అరిజోనా ఎడారిలో. నవంబరు వచ్చిందంటే ఉత్తరాది మంచుకి తాళలేనివాళ్లు, అరవై నిండకుండానే ఉద్యోగానికి దండం పెట్టినవాళ్లు బండ్లనే ఇళ్లు చేసుకుని అక్కడికి దిగుతారు. సర్కారు నేల, అద్దె లేదు, నీళ్లూ లేవు. నా వ్యానుకి ఇరవై గజాల దూరంలో వాళ్ల ట్రైలరు ఆగింది. బండి ఆపీ ఆపకముందే గెయిలెన్ దిగి, నాలుగు చక్రాల దగ్గరా వంగి చూసి, “ఎడమపక్క నలభై పౌన్లు ఎక్కువుంది. మార్లిస్, ఏదో దాచావు,” అన్నాడు. లోపలినుంచి, “దాచింది నా నడుమే, తూచుకుంటావా?” అని జవాబు వచ్చింది. అలా మొదలైంది మా స్నేహం.

గెయిలెన్‌ది మినెసోటా. అక్కడ ఒక ధాన్యం గిడ్డంగి దగ్గర ముప్పై ఒక్క ఏళ్లు కాటా చూశాడు. లారీ లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, గింజ దించి వెళ్లేటప్పుడు ఒకసారి తూచి చీటీ రాసివ్వడం అతని పని. లారీ డ్రైవర్లు చీటీ అందుకుంటూ ఈసారి ఏ రాష్ట్రం పోతున్నారో చెప్పేవారు. మోంటానా అనేవాడొకడు, టెక్సస్ అనేవాడొకడు. ఇతను కిటికీలోంచి తల ఊపి తరవాతి లారీని పిలిచేవాడు. తాను మాత్రం ఆ కాలంలో ఎన్నడూ మూడువందల మైళ్లు దాటి పోలేదు. ఊళ్ల పేర్లు వింటూ కూర్చున్నవాడి ఆకలి, ఊళ్లు చూసినవాడికి అర్థం కాదు. యాభై ఏడో ఏట, పింఛను పూర్తిగా పండకముందే, కోతపడ్డ పింఛనుకే సంతకం పెట్టి బయటపడ్డాడు.

మార్లిస్ బడి వంటశాలలో నాలుగువందల మంది పిల్లలకి వండిన మనిషి. ఆమెకి ఊళ్ల మీద మోజు లేదు. మొగుడి మీద ఉంది. సరేనంది.

గెయిలెన్ ఇంటికి ఒక వేలాడే కాటా తెచ్చాడు. వంటింటి గుమ్మానికి కొక్కెం కొట్టి తగిలించాడు.

“ట్రైలరు మోసేది పద్నాలుగు వందల పౌన్లు. నీళ్లు నింపితే నాలుగు వందలు పోతాయి. గ్యాసు, బ్యాటరీలు రెండు వందలు. మిగిలింది ఎనిమిది వందలు. నీకు సగం, నాకు సగం.”

“ముప్పై ఏళ్ల కాపురానికి నాలుగు వందల పౌన్లా? విడాకులిచ్చినా ఇంతకంటే ఎక్కువొస్తుంది నాకు.”

“ఈ ఇనప పెనం ఎనిమిది పౌన్లు. అంటే ఒక గాలను నీళ్లు. పెనం కావాలా, ఒక స్నానం కావాలా?”

“పెనం. నువ్వు స్నానం చేసినా చెయ్యకపోయినా ఒకేలా ఉంటావు.”

ఆ చలికాలమంతా ఇలాగే గడిచింది. పింగాణీ పోయి ప్లాస్టిక్కు వచ్చింది. పదకొండు దుప్పట్లు రెండయ్యాయి. ఫొటో ఆల్బమ్ల అట్టలు చింపి బొమ్మలు మాత్రం ఉంచుకున్నారు. అట్టలే ముప్పై పౌన్లు తూగాయట. పుస్తకాలు నేనూ ఒకప్పుడు అలాగే వదిలించుకున్నాను; చదివిన పుస్తకానికి బరువుండదన్న మాట అబద్ధమని అప్పుడే తెలిసింది నాకు. సరే, ఆ కథ ఇక్కడ వద్దు.

చివరికి ఓకుచెక్క భోజనాల బల్ల మిగిలింది. రెండు చెక్కలు జోడిస్తే పన్నెండుమంది కూర్చునే బల్ల. కొత్తగా పెళ్లైనప్పుడు వేలంలో పాడుకున్నది. దాన్ని కొక్కేనికి తగిలించే దారి లేదు. గెయిలెన్ దాని చుట్టూ తిరిగి, “నూట తొంభై ఉంటుంది,” అన్నాడు. మార్లిస్ బల్ల అంచు వెంట చెయ్యి పోనిచ్చింది. అది అతనికి తూకానికి అందలేదు. అతనే అన్నాడు: “పోనీ, ఒక్క ఏడాది చూద్దాం. నచ్చకపోతే తిరిగొచ్చేస్తాం. అమ్మేస్తే అప్పుడు మళ్లీ కొనుక్కోవాలిగా.”

ఈ ‘ఒక్క ఏడాది’ దగ్గరే మా ఎడారి జనం అందరూ బోర్లాపడతారు. ఇల్లు అమ్మిన మర్నాడే ఊరిచివర సామాను దాచుకునే షట్టరు గదొకటి అద్దెకి తీసుకుంటారు. ఒకడు అందులో పడవ దాచుకున్నాడు, ఒకామె బొమ్మరిళ్లు దాచుకుంది. మాలో మేం జీతాలూ జబ్బులూ అడగం గాని, “నీ గది ఇంకా ఉందా?” అని అడుగుతాం. ఉందని చెప్పేటప్పుడు మనిషి కాస్త తల దించుకుంటాడు.

టోర్గర్‌సన్లు మినెసోటాలో తీసుకున్నది పదడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడుగు రేకు గది. ఆ గదిలో బల్ల, ఆరు కుర్చీలు, సోఫా, మంచం, నిలువు దీపం, గోడగడియారం చేరాయి. ఏడాది గడిచింది. రెండేళ్లు గడిచాయి. ఏటా మే నెలలో, ఎడారి కాగడం మొదలవగానే, వీళ్లు పద్దెనిమిది వందల మైళ్లు ఉత్తరానికి బండి నడుపుకుని పోయేవారు. గెయిలెన్ ఒక్కో ఏడు ఒక్కో దారి పట్టేవాడు. ఒకసారి యూటా కొండలమీదుగా, ఒకసారి కాన్సస్ గోధుమచేల మధ్యగా. దారి ఏదైనా చేరేది ఆ షట్టరు దగ్గరికే.

నాలుగో వేసవిలో నేనూ అటే వెళ్తున్నాను. “మా ఇంటికి కాఫీకి రా,” అని మార్లిస్ పిలిచింది. వెళ్లాను. సోయాచేల పక్కన నాలుగు వరసల రేకు గదులు. ముప్పై ఏడో నంబరు షట్టరు పైకెత్తి ఉంది. లోపల బల్లమీద నీలం గళ్ల గుడ్డ, ఫ్లాస్కులో కాఫీ, రొట్టెముక్కల మధ్య హామ్, సీసాలో పుల్లటి రూబార్బు కాడల జాము. గోడకి చేరేసిన మంచం. గడియారం నడుస్తోంది, ఆమె ఏటా బ్యాటరీ మార్చేదట. పెద్దింటి కోడలిలా నాకు కుర్చీ చూపించి, “ఆ కుర్చీ కాలు కొంచెం ఊగుతుంది, ఇందులో కూర్చో,” అంది. గెయిలెన్ బల్ల మొదట్లో తన చోట కూర్చుని మూడో కప్పు వంచుకున్నాడు.

ఆ గదుల యజమాని వెర్లిన్ గోల్ఫ్ బండిలో అటుగా వచ్చి, రేకు ద్వారబంధం మీద వేలితో కొట్టాడు. “ఇంట్లో ఉన్నారా?”

“ఉన్నాంలే. కాళ్లు తుడుచుకుని రా.”

“పడుకోవడం మాత్రం కుదరదు మార్లిస్. రూలు.”

“పగలు పడుకుంటే?”

“పగలు నేను చూడను.”

పొద్దు వాలేదాకా కూర్చున్నాం. లేచేటప్పుడు ఆమె గుడ్డ మడిచి, ముక్కలు దులిపి, “గెయిలెన్, ఇంటికి తాళం వేశావా?” అంది. ట్రైలరుని ఆమె ‘బండి’ అనేది. ఈ గదిని మాత్రం ‘ఇల్లు’ అనేది.

మొరాకో కొండల్లో ఒకప్పుడు మందలతో తిరిగే జాతులవాళ్లు, తిరగని వస్తువులకోసం కొండకొమ్మున రాతి గిడ్డంగులు కట్టుకున్నారని చదివాను. కుటుంబానికి అందులో ఒక చిన్న గది, ఒక కొయ్య తాళంచెవి. బార్లీ, నూనె, పెళ్లికాగితాలు దాచుకునేవారట. ఇల్లే లేనివాళ్లు తాళంచెవి నడుముకి కట్టుకుని తిరిగేవారంటే, దేశదిమ్మరికి కూడా ఎక్కడో ఒకచోట తలుపుండాలేమో. చదివినప్పుడు ఇదేదో వింతనుకున్నాను. మార్లిస్ పోసిన కాఫీ తాగాక అనుకోలేదు.

ఐదో చలికాలంలో వైద్య బీమావాళ్ల ఉత్తరం వచ్చింది. అరవై అయిదు నిండేదాకా సర్కారు వైద్యం రాదు, సొంతంగా కట్టుకోవాలి. ముందుగా ఉద్యోగం మానినవాళ్ల మెడమీద కత్తి అదే. నెలకి రెండు వందల పది డాలర్లు పెరిగింది. గెయిలెన్ నోటుబుక్కు తీసి ఖర్చుల పద్దులో బీరు కొట్టేశాడు, ఫోను ఒకటి కొట్టేశాడు, ఆదివారం హోటలు భోజనం కొట్టేశాడు. ఇంకా చాలలేదు. మిగిలినవి రెండే: డీజిలు, గది.

మా పక్క బండిలో ఫెర్రిస్ అని టెక్సస్ ప్లంబరు ఉండేవాడు. నోటికి మూత లేని మనిషి. పొద్దున కాఫీల దగ్గర, “ఏం కాటాబాబూ, చెంచాలు తూచావు. గది తూచావా?” అన్నాడు.

“గది బండి మీద లేదుగా.”

“నెలకి డెబ్భై ఎనిమిది, అరవై నెలలు. ఆ డబ్బుతో నాలుగు బల్లలు కొని, మూడు పొయ్యిలో పెట్టుకోవచ్చు.”

“నీ పని నువ్వు చూసుకో ఫెర్రిస్.”

మార్లిస్ కప్పు కింద పెట్టి లోపలికి వెళ్లింది. గెయిలెన్ వెంట వెళ్లలేదు. గంట తరవాత ఆమే బయటికి వచ్చింది, కళ్లు కడుక్కుని.

“గది వదిలేద్దాం.”

“నేనేం అనలేదే!”

“అనలేదు. అందుకే నేనంటున్నా. నన్నడగలేక రేపు డీజిలు తగ్గిస్తానంటావు. తిరగని గెయిలెన్‌తో ఇరవై ఎనిమిది అడుగుల్లో నేను బతకలేను.”

“నీకు కష్టం కదా?”

“కష్టమే. తూచకు.”

ఆ మే నెలలో రెండు రోజులు షట్టరు ముందే సామాను పెట్టి అమ్మారు. నేను సామాను మోయడానికి వెళ్లాను. సోఫా ఒక కాలేజీ కుర్రాళ్ల గుంపు ఎత్తుకుపోయింది. బల్ల కొనడానికి సఫియా అనే సోమాలీ ఇల్లాలు వచ్చింది, వెనక పిల్లలు కోడిపిల్లల్లా.

“అరవై అన్నారు,” అంది సఫియా.

“ఎంతమంది మీరు?”

“తొమ్మిది. మా అత్తగారు వస్తే పది.”

“అయితే నలభై ఇవ్వమ్మా. ఆగాగు, ఈ రెండు చెక్కలూ తీసుకో. ఇవి లేకపోతే మీకు చాలదు.” ఇదిగో ఇలా జోడించాలి, ఇక్కడ మేకు పట్టేస్తుంది, పై నుంచి ఒక దెబ్బ వెయ్యాలి అని మార్లిస్ చాలాసేపు చూపించింది. సఫియాకి మొదటిసారే అర్థమైంది. అయినా ఓపిగ్గా చూసింది.

గది ఖాళీ అయింది. నెలాఖరుకి ఇంకా ఎనిమిది రోజులున్నాయి. గెయిలెన్ ట్రైలరుని ట్రక్కుకి తగిలించాడు. మార్లిస్ ఎక్కలేదు.

“ముప్పై ఒకటిదాకా డబ్బు కట్టాం కదా. అప్పటిదాకా మనదే.”

“ఖాళీ గదిలో ఏం చేస్తావు?”

“ఏం చెయ్యను.”

మడతకుర్చీ ఒకటి తీసుకెళ్లి గది మధ్యలో వేసుకుంది. ఎనిమిది రోజులూ పొద్దున్నే వచ్చి, షట్టరు ఎత్తి, కాఫీ పట్టుకుని కూర్చునేది. ఎదురుగా చేలో సోయామొలకలు అప్పుడే నేల చీల్చుకుని వస్తున్నాయి. నేలమీద దుమ్ములో బల్లకాళ్ల గుర్తులు నాలుగు తెల్లగా మిగిలాయి. మిగతా గదంతా ఊడ్చింది గాని ఆ నాలుగింటి జోలికి పోలేదు. మూడో రోజు వెర్లిన్ వచ్చి మామూలుగానే ద్వారబంధం మీద కొట్టాడు.

“ఇంట్లో ఉన్నారా?”

“ముప్పై ఒకటిదాకా ఉన్నాం.”

అతను టోపీ తీసి, బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. ముప్పై ఒకటిన ఆమె ఆ గుర్తులు కూడా ఊడ్చి, తాళం అతని చేతికిచ్చింది.

తరవాతి చలికాలం ఎడారిలో మార్లిస్ బాగానే ఉంది. నవ్వేది, ఫెర్రిస్‌ని తిట్టేది. ఒకటే మార్పు: బండిని ‘ఇల్లు’ అంటుందేమో అని కనిపెట్టి చూశాను, అనలేదు. అసలా మాటే మానేసింది.

మే నెల వచ్చింది. వేడికి బండ్లు ఒక్కొక్కటే కదిలాయి. ఎవరెటు పోతున్నారో చెప్పి పోయారు. గెయిలెన్ రోడ్ల పటం తెరిచి కూర్చున్నాడు. మొదటిరోజు అలాస్కా అన్నాడు. రెండోరోజు సముద్రం పక్కన అన్నాడు. మూడోరోజు ఏమీ అనలేదు. ఎటుపోయినా అడిగేవాళ్లు లేరు. ముప్పై ఒక్క ఏళ్లు అతను కోరుకున్నది ఇదే.

“ఎటు పోదాం?” అన్నాడు భార్యతో.

“నీ ఇష్టం. ఊళ్లన్నీ నీవే.”

“నిన్నే అడుగుతున్నా.”

“నన్నెందుకు? ఐదేళ్లు నన్నడక్కుండానే తిరిగావు.”

అతను పటం మడవబోయి, పాత మడత దొరక్క, అలాగే ఒళ్లో పెట్టుకున్నాడు. “ఎక్కడ తిరిగాను మార్లిస్? ఏటా నీ గదికొచ్చి పోయాను. అంతే.”

“నా గదా? మూడేసి కప్పులు తాగింది ఎవరు?”

 ఆమె అతని పక్కన కూర్చుని, ఒళ్లోని పటం తీసుకుని సరైన మడతలో మడిచింది.

మర్నాడు పొద్దున వాళ్ల బండి నా వ్యాను పక్కన ఆగింది. ఎటని అడిగాను.

“ఉత్తరానికి,” అన్నాడు గెయిలెన్, రోడ్డువైపే చూస్తూ.

“అక్కడేముంది ఇప్పుడు?”

మార్లిస్ అవతలి కిటికీలోంచి ముందుకి వంగింది. “ఏమీ లేదు. ముప్పై ఏడో నంబరుకి ఎవరిదో తాళం ఉంటుంది. అది చూడాలిట ఈ పెద్దమనిషికి. నువ్వూ రారాదూ? ఈసారి కుర్చీ మాత్రం నీది నువ్వే తెచ్చుకోవాలి.”