పచ్చిపట్టు అక్షరం కాపాడిన కార్తీకం

వై2కె పనుల పుణ్యమా అని సింగపూర్ వచ్చిపడ్డవాళ్లలో నేనొకణ్ణి. క్లెమెంటిలో అద్దెకుంటున్నప్పుడు ధర్మవరం నుంచి మా అత్తగారు నెల రోజులకని వచ్చారు. కార్తీకమాసం కావడంతో నీచు, ఉల్లి, వెల్లుల్లి ముట్టనని మొక్కుకున్నారు. వాటర్లూ స్ట్రీట్‌లో కృష్ణుడి గుడి చూడాలన్నారు. ఆ శనివారం మా ఆవిడకి ఆఫీసు పని తగలడంతో ఆ బాధ్యత నా మీద పడింది.

తొమ్మిదిన్నరకి రైలెక్కాం. క్లెమెంటి నుంచి బూగిస్‌కి రైలు మారే పనిలేదు, అరగంటలో దిగొచ్చు. అక్కడి నుంచి కాస్త నడక. పక్కనున్న చైనా గుడికి వచ్చినవాళ్లు కృష్ణుడికీ అగరొత్తులు వెలిగిస్తుంటే అత్తగారు మురిసిపోయారు. పదకొండున్నరకి సంచి తెరిస్తే పులిహోర డబ్బా లేదు. వంటింటి గట్టు మీదే వదిలేశాను. ఆవిడది షుగర్ ఒళ్లు. మాత్ర పొద్దున్నే వేసుకున్నారు, వేళకి తినకపోతే చేతులు వణుకుతాయి. అప్పటికే వణుకుతున్నాయి. అరటిపండు కొనిపెట్టాను కానీ అదెంతసేపు ఆగుతుంది?

వీధి చివర బిల్డింగ్ కింద ఒక తిండి కొట్టు, బోర్డు మీద పెద్దగా ఒకే చైనా అక్షరం: 素. వెజిటేరియనేనా అంటే కొట్టు ఆంటీ అక్కడి యాసలో "యెస్ లా" అంది. మూడు డాలర్లకి అన్నం, రెండు కూరలు. తీరా చూస్తే ప్లేట్లో కోడితొడ. అత్తగారు దాన్ని పక్కకి నెట్టేశారు.

"ఇది కోడి కాకపోతే ఏంది నాయనా? ఎముక గూడా కనపడతాండాది. నా మొక్కు ఏమైపోవాల?"

ఆంటీకి భాష రాకపోయినా సంగతి అర్థమైంది. తొడని విరిచి చూపించింది. లోపలున్నది సోయా, ఎముక అనుకున్నది చెరుకు ముక్క. "నో ఆనియన్, నో గార్లిక్" అంది. అది కోడి కాదని నేను ఒట్లు పెట్టినా అత్తగారు మెత్తబడలేదు. ఆంటీ ఆర్డర్ కాగితం వెనక ఆ అక్షరం రాసి, కింది సగం మీద వేలు పెట్టింది. "దిస్ వన్ సిల్క్. హ్యాంగ్ లైక్ దిస్. నో కలర్ యెట్" అంటూ చెయ్యెత్తి దారం వేలాడదీసినట్టు చూపించింది. రంగు వెయ్యని పట్టు, దాన్నుంచి సాదా, సాదా నుంచి శాకాహారం అనే అర్థాలు వచ్చాయట. రంగుండదు కాబట్టి పెన్సిల్ బొమ్మ పేరులోనూ ఇదే అక్షరం ఉంటుందట. అంతా నేను తెలుగులో చెప్పాను.

అత్తగారు మగ్గం ఇంట్లో పుట్టిన మనిషి. కాగితం చేతిలోకి తీసుకుని కింది గీతల మీద వేలు పోనిచ్చారు.

"పచ్చిపట్టు," అన్నారు. "రంగులో ముంచకముందు మా నాయన దండెం మీద ఇట్లే యాలాడదీస్తాండె."

ప్లేటు తనే దగ్గరికి లాక్కున్నారు. తినడం మొదలుపెట్టారు. పావుగంటకి చేతుల వణుకు తగ్గింది. ఇంకొంచెం అన్నం అడిగారు.

నా ఒట్లేవీ ఆరోజు పనిచెయ్యలేదు. ఆవిడ తినడానికి తన పుట్టింటి పట్టు దారం ఒకటి కనపడాల్సి వచ్చింది. అల్లుడి మాట కన్నా అది గట్టిదని ఒప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు. మీరు సింగపూర్ వెళ్తే ఈ అక్షరాన్ని కాగితం మీద రాయించుకుని జేబులో పెట్టుకోండి. కొన్ని కొట్లలో గుడ్డో వెల్లుల్లో పడుతుంది కాబట్టి అది చూపించాక కూడా అడగండి. మా అత్తగారికి ఆ కాగితం అక్కర్లేకపోయింది. ఆ నెలంతా ఏ కొట్టు ముందు ఆగినా తనే రాసి చూపించారు, కింది దారం ముందు గీసి.