వచ్చే దారులు చెరిపేసిన సాయంత్రం

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. తెల్లచీర, మల్లెపూల వాసన, గజ్జెల చప్పుడు... అన్నీ పనిలేని వాళ్ల కల్పనలు. ఇది మాత్రం నాకు జరిగింది. మా అబ్బాయి మీద ఒట్టు. వినేవాళ్లు వినండి, నవ్వేవాళ్లు లేచి వెళ్లి పడుకోండి.

నాది యానాం. పెళ్లాం, పిల్లాడు అక్కడే. ఉద్యోగం వల్ల నేనొక్కణ్నే పుదుచ్చేరి ముత్యాలపేటలో గది తీసుకుని ఉండేవాణ్ని. ఫోన్లలో మ్యాపులు ఇంకా రాని రోజులు. మా పక్కింటి వెంకటేశన్ తన బైకు హ్యాండిల్‌కు ఒక జీపీఎస్ డబ్బా బిగించాడు. వాళ్ల చిన్నాన్న కొడుకు సింగపూర్ నుంచి తెచ్చాడట. వీధి చివరి పాలబూత్‌కు కూడా అందులో రూటు పెట్టుకున్న ఘనుడు వాడు. పుట్టి పెరిగిన ఊళ్లో దారి చూపించుకు తిరిగే మగాణ్ని నేను చూడటం అదే మొదలు.

ఇద్దరం బైకు మీద యానాం వెళ్దామనుకున్నాం. ఒక ఆదివారం ఆ రూటు అందులో ఎక్కిద్దామని కూర్చుంటే, మెమరీలో చోటు లేదంది. లిస్టు తెరిచి చూశాను. నా తల తిరిగిపోయింది. ప్రతి ఊరికీ రెండేసి రూట్లు. 'కాలాపేట పోయేది', 'కాలాపేట వచ్చేది'. 'కదిర్కామం పోయేది', 'కదిర్కామం వచ్చేది'.

"ఏంట్రా ఈ తెలివి? ఒక్క బటన్ నొక్కితే అదే రూటు తిరగేసి చూపిస్తుంది కదా!"

"అమ్మ చెప్పింది అన్నా. పోయే దోవ పెడితే వచ్చే దోవా పెట్టాలంట. లిస్టంతా చదివించుకుని వింటాది."

వాళ్లమ్మ రాజమ్మత్త వంటింట్లోంచే అందుకుంది. "వాళ్ల నాయన ఆ పొద్దు 'పోతా ఉండా' అని పోయినాడు నాయనా. పోయొస్తా అనలే. కడలూరు రోడ్డులోనే లారీ... నాకు మిగిలింది వీడొకడు."

పాపం అనిపించింది. కానీ లారీ కొట్టడానికీ, మాటకీ ఏమిటి సంబంధం? చదువుకున్నవాడు కూడా దీనికి తలూపుతాడా? ఆమె అటు తిరగగానే డబ్బా తీసుకుని 'వచ్చేది' అన్న ప్రతి రూటూ చెరిపేశాను. టిక్... టిక్... టిక్... వెంకటేశన్ గోళ్లు కొరుక్కుంటూ చూశాడు. వాడికి వెన్నెముక ఎప్పుడుంది గనక!

ఆ సాయంత్రమే కిరుమాంబాక్కంలో వాళ్ల పొలం మోటారు కాలిపోయిందని కబురొచ్చింది. ఇద్దరం బయల్దేరాం. రాజమ్మత్త గేటు దాకా వచ్చింది. "పోయి రాండి," అంది.

మోటారు విప్పి మెకానిక్‌కు అప్పగించేసరికి చీకటి పడింది. సన్నగా తుంపర. కరెంటు లేదు. రోడ్డు పక్కన ఒక టీ అంగడి, సగం దించిన షట్టరు, బయట ఖాళీ బెంచీ. అక్కడినుంచి పుదుచ్చేరిలోకి ఒకటే రోడ్డు. కళ్లు మూసుకుని నడిపినా అరియాంకుప్పం బ్రిడ్జి వస్తుంది. అయినా మావాడు డబ్బా వెలిగించి రూటు తిరగేశాడు. బీప్... అంది.

నడుపుతున్నాం. తుంపర మొహాన కొడుతోంది. చాలాసేపయింది. బ్రిడ్జి రాలేదు.

ఎడమవైపు... సగం దించిన షట్టరు.

"ఏంది అన్నా ఇది? ఇందాక చూసిన అంగడే గదా?"

"అన్ని అంగళ్లూ అలాగే ఉంటాయి. నోర్మూసుకుని నడుపు."

మళ్లీ చాలాసేపు. ఎదురుగా ఒక్క బండి లేదు. కప్పల అరుపులు కూడా ఆగిపోయాయి. మా ఇంజన్ చప్పుడొక్కటే. బీప్... 'గమ్యం చేరారు' అంది డబ్బా.

ఎడమవైపు అదే అంగడి. ఈసారి బెంచీ దగ్గర ఎవరో ఉన్నారు.

దాని పక్కన ఒక బైకు ఆగి ఉంది. ఇద్దరు మనుషులు... హ్యాండిల్ మీదికి వంగి ఉన్నారు. కింద చిన్న నీలం వెలుతురు. ఒకడు గోళ్లు కొరుక్కుంటున్నాడు. రెండోవాడు వేలు ఆడిస్తూ వాడికి ఏదో క్లాసు పీకుతున్నాడు. మా హెడ్‌లైటు వాళ్ల వీపుల మీద పడింది. తల తిప్పలేదు... ఒక్కడూ తల తిప్పలేదు.

ఎవడో బడాయి వెధవ, వాడికో చేతకాని శిష్యుడు అనుకున్నాను. అదే అనుకున్నాను. నిజం.

వెంకటేశన్ బండి వేగం పెంచాడు. వాడి జేబులో ఫోన్ మోగింది. బండి ఆపకుండానే తీశాడు. అవతల రాజమ్మత్త గొంతు నాకూ వినపడింది.

"యాడుండావు రా?"

"వస్తా ఉండా మా... వస్తా ఉండా."

అప్పుడు వెనకనుంచి ఒక టౌన్ బస్సు హారన్ కొడుతూ మమ్మల్ని దాటింది. దాని ఎర్ర లైటు పట్టుకుని వెళ్లాం. బ్రిడ్జి వచ్చింది. ఇల్లు వచ్చింది. గేటు దగ్గర రాజమ్మత్త టార్చి పట్టుకుని నిలబడి ఉంది. కొడుకు మొహం మీద వేసి చూసింది. చాలాసేపు చూసింది. పక్కకు జరిగింది.

ఆ డబ్బా మనం తిరిగిన దారిని గీత గీసి దాచుకుంటుంది. మర్నాడు తీసి చూశాను. ముత్యాలపేట నుంచి కిరుమాంబాక్కం దాకా గీత నిక్షేపంగా ఉంది. తిరిగొచ్చిన గీత లేదు. అంగడి దగ్గర ఆగిపోయింది, అంతే. మబ్బుకు సిగ్నల్ పోయి ఉంటుందన్నాను. చవక సరుకన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

కానీ ఆ రోజునుంచి రాజమ్మత్త పొద్దు గూకగానే గేటు దగ్గరికి వచ్చి నిలబడేది. నన్ను పేరుపెట్టి పిలిచేది, పాలవాడి లెక్క తప్పేది కాదు. వెంకటేశన్ వెనకాలే నిలబడి, "మా, లోపలికి రా మా, నేనీడే ఉండా గదా," అని బతిమాలేవాడు.

ఆమె వాడి వైపు మర్యాదగా చూసేది, ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు. "నువ్వు తిని పడుకో నాయనా. మావాడు రానీ," అనేది.

ముసలితనం, మతిమరుపు అని నేను కొట్టిపారేశాను. వెంకటేశన్ మాత్రం ఒకరోజు నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, ఒకసారి ఆ అంగడి కాడికి పోయి చూద్దామా? నన్ను పిల్చుకోని వద్దాం." పిచ్చి కూతలు కూయకు అని తిట్టి పంపించాను. నెల తిరక్కుండా ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని యానాం వచ్చేశాను.

వాడి కోసం గేటు దగ్గర తల్లి నిలబడింది. ఆ తుంపర రాత్రి నేను గదికి తాళం తీసుకుని లోపలికి వెళ్లినప్పుడు, వచ్చింది నేనో కాదో చూడటానికి అక్కడ ఎవరూ లేరు. నేను వచ్చేశాను. వచ్చేశాననే అనుకుంటున్నాను...