విస్కాన్సిన్ సరస్సు ఒడ్డున యూదుల కొత్త పాటలు, నా పాత అనుమానాలు

నేను పాథాలజిస్టుని. మైక్రోస్కోపులో తల దూర్చి, ఎదురుగా ఉన్నది మంచిదా చెడ్డదా అని అనుమానించడమే నా ఉద్యోగం. జీతం కూడా ఆ అనుమానానికే ఇచ్చేవారు. అందుకని ఎనభైల మొదట్లో ఒక సాయంత్రం వసుంధర మా ఇంటికి క్యాసెట్టు పట్టుకొచ్చి, "అక్కా, ఇది వినండి. ఉగాదికి పిల్లలచేత పాడిద్దామనుకుంటున్నా" అన్నప్పుడు, నేను ముందు చూసింది క్యాసెట్టుని కాదు, ఆ అమ్మాయి మొహాన్ని. మరీ అంత తియ్యగా అడుగుతోందంటే ఏదో ఉండే ఉంటుందనిపించింది.

ఉంది కూడా. వసుంధర షామ్‌బర్గ్‌లో మా వీధి చివర ఉండేది. ఇన్సూరెన్స్ కంపెనీలో ప్రోగ్రామర్, చక్కని గొంతు. క్యాసెట్టులో ఉన్నది ఒక శాంతి మంత్రం. కానీ పండితులు చెప్పే స్వరంలో కాదు. గిటార్ వాయిస్తూ, తను సొంతంగా కట్టిన వరసలో పాడింది. మా ఉగాది కమిటీలో ఏడుగురం. ముగ్గురు సరే అన్నారు, ముగ్గురు ససేమిరా అన్నారు, మిగిలింది నేను. వేదానికి స్వరం మార్చకూడదని ఊహ తెలిసినప్పటినుంచీ విన్నదాన్ని. వద్దనే అందామనుకున్నాను. "అసలు ఈ ఐడియా నీకెవరిచ్చారు?" అని అడిగాను.

"మా ఆఫీసులో మిరియం అని జ్యూయిష్ అమ్మాయి ఉందక్కా. వాళ్ళ గ్రంథంలో వాక్యాలకి కొత్త ట్యూన్లు కడుతుంది. వచ్చే వీకెండ్ విస్కాన్సిన్‌లో వాళ్ళ క్యాంపు. మీరొక్కసారి వచ్చి చూడండి. చూశాక కూడా నో అంటే నేనింక అడగను, ప్రామిస్."

నా ఒక్క ఓటు కోసం ఇంత దూరం తీసుకెళ్తానంటోందంటే అక్కడ నన్ను మెత్తబరిచే ఏర్పాటేదో ఉందని నాకు గట్టి నమ్మకం కలిగింది. వెళ్ళాలనుకున్నాను, కానీ మెత్తబడటానికి కాదు, సాక్ష్యం కోసం. హ్యాండ్‌బ్యాగులో చిన్న టేప్ రికార్డరు, రెండు ఖాళీ క్యాసెట్లు పెట్టుకున్నాను. ఒక టిఫిన్ డబ్బాలో పులిహోర కూడా సర్దాను. మనుషుల్ని నమ్మకపోయినా పర్వాలేదు, పరాయి వంటిల్లుని మాత్రం నమ్మకూడదు.

అక్టోబరు చివరి శుక్రవారం, మధ్యాహ్నం పన్నెండింటికి నా కారులో బయల్దేరాం. షామ్‌బర్గ్ నుంచి హైవే ఎక్కి వాయవ్యంగా పోవడమే. టోల్ వచ్చినప్పుడల్లా అద్దం దించి బుట్టలోకి చిల్లర విసరాలి, కాబట్టి గుప్పెడు నాణేలు పక్కన పెట్టుకోవాలి. రాక్‌ఫర్డ్ దాటాక బెలాయిట్ దగ్గర విస్కాన్సిన్‌లోకి అడుగుపెడతాం. అక్కణ్ణుంచి జేన్స్‌విల్ దాటి కుడివైపు చిన్న రోడ్డు పట్టుకుంటే మొక్కజొన్న కోసేసిన పొలాల మధ్య నుంచి సరస్సుకి తీసుకెళ్తుంది. ఆగకుండా వెళ్తే రెండు గంటల ప్రయాణం. గదీ, మూడు రోజుల భోజనాలూ కలిపి మనిషికి నలభై డాలర్లు. ఇంత చవగ్గా ఎందుకిస్తున్నారని నేను దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాను. "వాళ్ళు మనల్ని కన్వర్ట్ చేయరక్కా. ఎవరైనా వాళ్ళ మతంలో కలుస్తామని వచ్చినా వద్దంటారట" అంది వసుంధర. పుట్టుకతో రావాలంటారా, మనలాగే, అనుకున్నాను. అది కాస్త నచ్చింది కానీ పైకి చెప్పలేదు.

చేరగానే నేను నేరుగా వంటశాలకి వెళ్ళాను. అక్కడొక లావుపాటి వంటాయన పెద్ద గిన్నెలో నూడిల్సు కలుపుతున్నాడు. ఇందులో మాంసం ఉందా అని అడిగాను. ఆయన నొచ్చుకున్నాడు. "అమ్మా, ఈ మూడు రోజులూ ఈ వంటింట్లోకి మాంసం గుమ్మం కూడా తొక్కదు. పాలు వాడేచోట మాంసం పెడితే మా మతం ఒప్పుకోదు." ప్రాణం లేచొచ్చింది. అమెరికాలో ఇంత మడి ఉన్న వంటిల్లు చూడటం అదే మొదటిసారి. ఆ సంతోషంలో ఆయన ఇచ్చిన పళ్ళెం పట్టుకుని కూర్చుని మూత తీస్తే లోపల చేపముక్క. పళ్ళెంతో సహా వెనక్కి పరుగెత్తాను.

"మాంసం లేదన్నారు కదా!"

"అది మాంసం కాదమ్మా, చేప."

వీళ్ళకీ బెంగాలీవాళ్ళకీ ఏదో చుట్టరికం ఉండి ఉంటుంది. చేప ఒక్కటీ పక్కన పెట్టమంటే మిగతాదంతా నిక్షేపంగా తినొచ్చు. ఆ మాట ముందే చెప్పుకోవాలి.

మూడింటికి ప్రాక్టీసు. మిరియంకి పాతికేళ్ళుంటాయేమో, ఉంగరాల జుట్టు, మెడలో గిటారు. ఆ వారం వాళ్ళ గుడిలో చదవాల్సిన భాగంలోని ఒక వాక్యం తీసుకుని కొత్త వరస కట్టింది. చుట్టూ నలభై, యాభై మంది కుర్రకారు. ఒకసారి విని రెండోసారికే అందుకున్నారు. బాగుంది. నిజం చెప్పాలంటే మరీ బాగుంది, అందుకే నాకు నచ్చలేదు. వేల ఏళ్ళ నాటి మాట పావుగంటలో నోటికి వచ్చేస్తే, దాన్ని పావుగంటలో మర్చిపోరూ? రికార్డరు నొక్కి బ్యాగులోనే ఉంచాను.

సూర్యుడు దిగుతుండగా ఆడవాళ్ళు దీపాలు పెట్టారు. వెంటనే గిటార్లన్నీ పెట్టెల్లోకి వెళ్ళిపోయాయి. మిరియం నా దగ్గరికి వచ్చి, "మీ బ్యాగులో తిరుగుతున్నదాన్ని కూడా రేపు సాయంత్రం దాకా ఆపేస్తారా?" అని మర్యాదగా అడిగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను బ్యాగు తడుముకున్నాను. వాళ్ళకి విశ్రాంతి దినం మొదలైందట. యంత్రాలు నడపకూడదు. గిటారు కూడా ముట్టరు. తీగ తెగితే బాగుచేయాలనిపిస్తుంది, బాగుచేస్తే అది పని కింద లెక్క. కారణం సబబుగానే ఉంది. అయినా సరిగ్గా నేను రికార్డు చేస్తున్నప్పుడే ఎందుకు గుర్తొచ్చిందా అని రాత్రి భోజనంలో ఆలోచిస్తూనే ఉన్నాను. ఆ భోజనాల దగ్గర బల్లలు చరుస్తూ అదే పాట ఎన్నిసార్లు పాడారో చెప్పలేను. మిరియం తాతగారు సాల్ కూడా పాడాడు. రిటైరైన దంతవైద్యుడు, ఎనభైకి దగ్గర, నవ్వని మనిషి. పాడుతున్నంతసేపూ చెదిరిన పన్ను చూస్తున్నట్టు మనవరాల్నే చూస్తున్నాడు. ఈయన నా పార్టీ మనిషేనని నాకు ధైర్యం వచ్చింది.

శనివారం ఉదయం తొమ్మిదిన్నరకి అసలు పూజ. మధ్యలో ఏటవాలు బల్ల మీద తోలు మీద రాసి చుట్టగా చుట్టిన వాళ్ళ గ్రంథం విప్పారు. అందులో అక్షరాలు మాత్రమే ఉంటాయి. ఏ మాట ఏ స్వరంలో పలకాలో గుర్తులుండవు. అవి చదివేవాళ్ళ నోట్లో ఉండాలి. పాత స్వరమే, ఒక్క మెట్టు కూడా మారడానికి వీల్లేదు. చదివేవాళ్ళకి అటూ ఇటూ ఇద్దరు గుర్తులున్న పుస్తకం పట్టుకుని నిలబడతారు, తప్పు దొర్లితే అందరి ముందూ దిద్దుతారు. చదవడానికి లేచింది మిరియం. పక్కన పుస్తకంతో నిలబడింది వాళ్ళ తాతగారు. నిన్న గిటారు వాయించిన పిల్ల ఇవాళ ఘనాపాఠీలా చదువుతుంటే నేను నిటారుగా కూర్చున్నాను.

అప్పుడు వచ్చింది ఆ వాక్యం. నిన్న పాడిందే. మాటలు నాకూ గుర్తున్నాయి. మిరియం మొదటి మాట పాత స్వరంలో పలికి, రెండో మాటకి తనకు తెలియకుండానే తన పాటలోకి జారిపోయింది. ఆ మాత్రం చాలు, హాలంతా కూనిరాగం అందుకుంది. కొందరు నవ్వుతూ బల్ల మీద తాళం కూడా వేశారు.

తాతగారు అరచేత్తో బల్ల మీద ఒక్కటి చరిచాడు. హాలంతా చప్పబడింది. మిరియం చెవులదాకా ఎర్రబడిపోయింది, నోరు తెరిచింది కానీ స్వరం రావట్లేదు. అది కట్టిన పాటే దాని గొంతుకి అడ్డం పడింది. వసుంధర నా చెయ్యి పట్టుకుంది. నాకు మాత్రం, సిగ్గు విడిచి చెబుతున్నాను, సంబరం వేసింది. దొరికింది! నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది ఇదే కదా. కొత్త వరస పాతదాన్ని మింగేస్తుంది. కానీ రికార్డరు ఆపేసి ఉంది.

ముసలాయన వంగి, ఆ వాక్యంలోని మాటలే పాత స్వరంలో, ఆమెకు మాత్రమే వినపడేంత మెల్లగా పలికాడు. ఆమె అందుకుంది. ఆయన మళ్ళీ పుస్తకంలోకి తల దించుకున్నాడు. చదువు సాగిపోయింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నేను వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. "మీరు బల్ల చరిచినందుకు చాలా సంతోషించాను. ఇక ఆ పాటలు మాన్పించేస్తారు కదా?" అన్నాను.

ఆయన నన్ను వింతగా చూశాడు. "ఎందుకు మాన్పించడం? రాత్రి నేనూ పాడాను, మీరు చూడలేదా? భోజనాల దగ్గర పాట, బల్ల దగ్గర చదువు. ఒకటి రెండోదాంట్లోకి జొరబడితే చెప్పడానికి నేను పక్కన నిలబడ్డాను."

"మా దగ్గర అసలు కొత్త వరసే కూడదంటాం. కమిటీ ఉంది. ఓటు వేస్తాం."

"మంచిది. ఆ పాత స్వరం మీ కమిటీలో ఎంతమందికి వచ్చు?"

ఏడుగురి మొహాలూ వరసగా గుర్తుచేసుకున్నాను. ఒక్కరికీ రాదు. నాకూ రాదు. అది కూడదని మాత్రమే మాకు వచ్చు. మాట మారుద్దామని, ఆడపిల్లకి ఇదంతా ఎవరు నేర్పారని అడిగాను.

"నేనే. మా అక్కచెల్లెళ్ళని ఆ బల్ల దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. దీనికి నేర్పానని మా పాత గుడిలో ఇద్దరు ఇప్పటికీ నాతో మాట్లాడరు. కానీ మా ఇంట్లో నేర్చుకుంటానని వచ్చింది ఇదొక్కతే. ఇంకెవరికి నేర్పను?"

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి తిరుగు ప్రయాణం. గట్టి మంచు కురిసిన పొలాలు తెల్లగా మెరుస్తున్నాయి. బెలాయిట్ దాటాక నేనే విషయం ఎత్తాను. రాత్రంతా ఆలోచించి నేనొక తీర్పు తయారుచేసుకున్నాను. ఇరుపక్షాలకీ న్యాయంగా ఉందని నాకు గర్వంగా కూడా ఉంది.

"వసుంధరా, నీ పాట వద్దనను. కానీ మిరియంని చూశావుగా. పిల్లలకి ముందు అసలు స్వరం నేర్పు. అది వచ్చాక నీ వరస పాడించు."

వసుంధరకి కోపమొచ్చిందేమోనని ఓరగా చూశాను. "నాకు రాదక్కా" అంది. "తెనాల్లో మా అరుగు మీద మా అన్నయ్యకి వేదం చెప్పేవాళ్ళు. నేను తలుపు చాటున కూర్చుని వినేదాన్ని. ఒకరోజు పైకి అన్నాను. స్వరం తప్పింది, పాపం అన్నారు. అయితే సరిగ్గా నేర్పండి అన్నాను. ఆడపిల్లవి, కూడదన్నారు. తప్పుగా చెప్తే పాపం, సరిగ్గా నేర్చుకుంటే పాపం. మాటలు మాత్రం మర్చిపోలేకపోయాను. మరి నాకు మిగిలింది నా వరసే కదక్కా?"

నేను ఎక్సిట్ మిస్ చేశాను. కళ్ళు మసకబారి బోర్డు కనపడలేదు. ఆ పిల్ల పొగరుకొద్దీ, ఫ్యాషన్‌కొద్దీ వరస కట్టిందని క్యాసెట్టు తెచ్చిన రోజునుంచీ అనుమానిస్తున్నాను. స్లైడు మీద మచ్చ చూసి రోగం పేరు రాసేశాను కానీ, ఆ మచ్చ దెబ్బ వల్ల వచ్చిందేమో అని ఒక్కసారి అడగలేదు. కోపం కూడా వచ్చింది. ఎవరి మీదో తెలియక స్టీరింగు మీద చూపించాను.

ఇలాంటి క్యాంపులు ఇప్పటికీ చాలాచోట్ల జరుగుతున్నాయి. ఎవరైనా వెళ్ళాలనుకుంటే నాదొకటే సలహా. చాలామంది శుక్రవారం పాటలు విని, తెల్లారగానే సరస్సు చుట్టూ తిరగడానికి పోతారు. పోకండి. శనివారం పొద్దున చదువు అయ్యేదాకా కూర్చోండి. పాట బాగుందో లేదో ఎవరైనా చెప్పగలరు. తప్పినప్పుడు దిద్దడానికి పక్కన మనిషి ఉన్నాడో లేడో అక్కడే తెలుస్తుంది. ఆ మనిషి లేనిచోట కొత్తదాన్ని అడ్డుకున్నా, అడ్డుకోకపోయినా పాతది నిలవదని ఇన్నేళ్ళ తర్వాత నాకు అనిపిస్తుంది.

కమిటీలో నేను సరే అని చెయ్యెత్తాను. తర్వాత మా గుడి పూజారి ఆచార్యులుగారి దగ్గరికి వెళ్ళాను. అప్పట్లో మాకు గుడి అంటే అద్దెకి తీసుకున్న హాలు, దాని వెనక చిన్న వంటిల్లు. వసుంధరకి స్వరం నేర్పమని అడిగాను. ఆయన చెవులు మూసుకుని, "శాస్త్రం ఒప్పుకోదమ్మా, నన్ను ఇరకాటంలో పెట్టకండి" అన్నారు. నేను మండిపడి గుమ్మం దాకా వెళ్ళాక, వెనకనుంచి గోడతో చెప్పినట్టు అన్నారు. "ఆదివారం మూడింటికి నేను నా పాఠం నెమరువేసుకుంటాను. తప్పు పోకుండా ఒక్కో మాటా మూడేసిసార్లు, కాస్త పెద్దగానే. వంటింట్లో ప్రసాదం చేసేవాళ్ళ చెవులు నేను మూయలేను కదా."

మరుసటి ఆదివారం నుంచి వసుంధర, నేను, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వంటింట్లో చేరాం. మధ్య తలుపు ఆయనే తీసి పెట్టేవారు. ఆ శీతాకాలమంతా స్వామికి చక్రపొంగలి అడుగంటకుండా దిగిన ఆదివారం ఒక్కటీ లేదు.