ముట్టకూడని తల

తల మీద వెంట్రుకలు నాటించుకోవాలని నిర్ణయించుకున్న రోజు మా ఆయన నాకు పెట్టిన షరతు ఒక్కటే: అమ్మకు తెలియకూడదు. సూదులంటే భయం లేదు, కత్తులంటే భయం లేదు, అమ్మంటే భయం. ఆమె తిడుతుందని కాదు. ఈ ఇంటికి వచ్చిన ఆరేళ్లలో మా అత్తమ్మ కొడుకును తిట్టగా నేను వినలేదు. ఆమె బాధపడుతుందని.

దానికి కారణం గోడ మీద ఉంది. మా మామయ్యను నేను ఫొటోలో తప్ప చూడలేదు. నున్నటి బట్టతల, దాని కింద చల్లటి ముఖం. మా ఆయనకు ముప్పై దాటగానే నుదురు పైకి పాకడం మొదలుపెట్టి, నేను కాపురానికి వచ్చేనాటికి ఆ ఫొటోలోని తల ఈయన భుజాల మీదికి వచ్చి కూర్చుంది. లోకానికి అది బట్టతల. అత్తమ్మకు మాత్రం పోయిన మనిషి ఇంట్లో మళ్లీ తిరుగుతున్నట్టు. ప్రతి ఆదివారం చర్చికి పోయే ముందు కొడుకును పీట మీద కూర్చోబెట్టి కొబ్బరినూనె రాసేది. వెంట్రుకలే లేనిచోట అంతసేపు నూనె ఎందుకని మొదట్లో చాటుగా నవ్వుకునేదాన్ని. "అచ్చం మీ నాయన లెక్క" అని ఆమె మురిసిపోతుంటే ఈయన తల వంచుకుని కూర్చునేవాడు. ఆ తల నాకొద్దని ఆమెతో ఎట్లా చెబుతాడు?

అలాగని ఆయన కోరిక తప్పని కూడా అనలేను. జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. బోర్డు వైపు తిరిగాడంటే వెనక బెంచీల్లో కిసకిసలు. పెళ్లిళ్లలో ఫొటో అనగానే మాయమయ్యేవాడు, వెతికితే చేతులు కడుక్కునే చోట దొరికేవాడు. అద్దం ముందు నిలబడి ఉన్న నాలుగు వెంట్రుకలను ఆ పక్క నుంచి ఈ పక్కకు సర్దుతుంటే నాకు ముందు నవ్వొచ్చేది, తర్వాత జాలి, ఆ తర్వాత కోపం. "పోయి పెట్టిచ్చుకో, ఈ పరేషాన్ రోజూ ఎవరు చూస్తరు" అన్నది నేనే.

కానీ నాకూ ఒక భయం ఉంది. అది ఆయనకు చెప్పలేదు. నాది ఎల్దుర్తి దగ్గర వ్యవసాయం చేసుకునే ఇల్లు. మాది దేవుడి గదిలో దీపం పెట్టే కుటుంబం, వీళ్లది చర్చి కుటుంబం. ఇష్టపడి చేసుకున్నాం. అత్తమ్మ నన్ను నీ దేవుళ్లెవరని ఏనాడూ అడగలేదు, మా దేవుణ్ణే మొక్కమనీ అనలేదు. ఇద్దరం ఆ మాట జోలికి పోకుండా ఆరేళ్లు సుఖంగా గడిపాం. ఈ ఆపరేషన్‌కు గుండు కొట్టించాలి. మా గల్లీలో గుండుకు రెండే అర్థాలు. ఒకటి, ఇంట్లో ఎవరైనా పోయారు. రెండు, మొక్కు తీర్చుకున్నారు. మా ఇంట్లో ఎవరూ పోలేదు. పైగా మాకు పిల్లలు లేరు. మొక్కు ఎవరిది, దేనికి అని ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

వానాకాలంలో అత్తమ్మ రామాయంపేటలో ఉన్న మా ఆడబిడ్డ ఇంటికి పదిహేను రోజులకని పోయింది. ఈయన కాలేజీకి సెలవు పెట్టాడు. హైదరాబాద్‌లో ఒక రోజంతా బల్ల మీద పడుకోబెట్టి తల వెనక నుంచి ఒక్కొక్క వెంట్రుకే తీసి ముందు నాటారు. డాక్టర్ చెబుతుంటే నాకు మా ఊరి నారుమడే గుర్తొచ్చింది. ఇక్కడ పీకి అక్కడ నాటడం, అంతే కదా. జాగ్రత్తలన్నీ ఆయనకు కాక నాకు చెప్పాడు, మనిషిని బాగానే అంచనా వేశాడు. కొత్తగా నాటిన చోట ఏదీ తగలకూడదు. సగం కూర్చున్నట్టే పడుకోవాలి. ఇచ్చిన ఉప్పునీళ్లు మాటిమాటికీ చల్లాలి. ఎండ వద్దు, బరువులు వద్దు, కొన్నాళ్లు కారం తగ్గించాలి.

ఇంటికొచ్చాక మూడో నాటికి నుదురు వాచింది. ఆ వాపు మర్నాటికి కళ్ల మీదికి దిగింది. ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది కానీ లేకపోతే గుండె ఆగేది. కుర్చీలో దిండ్ల మధ్య, మూసుకుపోయిన కళ్లతో, ఎవరితోనో కొట్లాడి ఓడిపోయి వచ్చినవాడిలా కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది. పదిహేను రోజులకని పోయిన అత్తమ్మ వారానికే వచ్చేసింది. ఎందుకో మనసు నిలువలేదట.

ఈయన గబుక్కున దవాఖానలో ఇచ్చిన వదులు టోపీ పెట్టుకున్నాడు. టోపీ కింద చెవుల పక్కన, మెడ మీద గుండు కనబడుతూనే ఉంది. ఏమైందని ఆమె అడిగితే ఉక్క పోస్తుందని తీయించానన్నాడు. బయట రెండు రోజులుగా ముసురు. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడ గడ్డికోసం అన్నవాడే ఇంతకన్నా నయం. ఆమె కొడుకును చూసింది, నన్ను చూసింది, సంచి లోపల పెట్టుకుంది.

సాయంత్రం చిన్న గిన్నెలో కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి, చిటికెడు పసుపు వేసి తెచ్చింది. కత్తి మంచిది కానట్టుంది, తలంతా గాట్లు పడ్డాయంది. టోపీ జారినప్పుడు చూసినట్టుంది. నూనెలో వేళ్లు ముంచి చెయ్యి తల మీదికి తెచ్చేసరికి మా ఆయన అరిచాడు.

"ముట్టకమ్మా!"

పుట్టినప్పటి నుంచీ ఆ తల మీద తిరిగిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. నూనె చుక్క ఆమె చీర మీద పడింది. "సరే బిడ్డా" అని గిన్నె తీసుకుని వంటింట్లోకి పోయింది. నాకు ఆయన మీద ఎంత కోపమొచ్చిందంటే, తల మీద ఆ నాట్లు లేకపోతే ఒకటి వేసేదాన్నే. ఇప్పుడైనా చెప్పమన్నాను. రేపు చెబుతానన్నాడు. మర్నాడు అడిగితే మళ్లీ రేపన్నాడు. తేలు కుట్టిన దొంగలా కుర్చీలోనే ఉండిపోయాడు.

అత్తమ్మ మళ్లీ ఏమీ అడగలేదు. కానీ ఇంట్లో కొన్ని మార్పులొచ్చాయి. ఆదివారం ఎప్పుడూ కోడికూర వండే మనిషి పప్పుచారు పెట్టింది. కొడుకు చర్చికి రాకపోతే ఎందుకని అడగలేదు. కూర్చునే నిద్రపోతున్న ఆయన్ని చూసి టీవీ గొంతు తగ్గించి, చప్పుడు కాకుండా నడిచేది. నేను ఆయన తల మీద నీళ్లు చల్లుతుంటే కాస్త దూరంలో నిలబడి చెంగు తల మీదికి లాక్కునేది. గుమ్మంలో జల్లు పడుతోంది, అందుకనుకున్నాను.

మా గల్లీ ఆడవాళ్లు శుక్రవారం ప్రార్థన వారానికొక ఇంట్లో పెట్టుకుంటారు. ఆ వారం మా వంతు. ఈయన లోపలి గదిలో తలుపేసుకున్నాడు. నేను వంటింట్లో టీ కాస్తున్నాను. ముందుగదిలో ఒక పెద్దావిడ గొంతు తగ్గించి మాట్లాడుతోంది. చెడ్డ మనిషి కాదు, నాకు జ్వరమొస్తే కషాయం తెచ్చిన మనిషే. అందుకే ఆ మాట ఇంకా గట్టిగా తగిలింది.

"కోడలు గుట్ట మీది దేవుని కాడికి తీస్కపోయి గుండు కొట్టిచ్చిందంట గద. పిల్లల కోసం మొక్కుకున్నదేమో పాపం. అయినా మన ఇండ్లల్ల గిట్ల చెయ్యొచ్చునా?"

ఆరేళ్లుగా భయపడిన మాట వచ్చేసింది. ఇప్పుడు అత్తమ్మ తనకేం తెలియదంటుంది. అంటే తప్పు కూడా కాదు, ఆమెకు ఎవరు చెప్పారు గనక?

"మొక్కింది నా కోడలే," అంది అత్తమ్మ. "అడిగింది దేవుణ్ణి, నిన్ను గాదు. ఇగ పాట ఎత్తుండ్రి."

వాళ్లు పాట ఎత్తారు. టీ పొంగి పొయ్యి మీద పోయింది. నాకు అప్పుడు ఒక్కొక్కటే అర్థమైంది. కోడికూర మానేసింది మా నిష్ఠ చెడకూడదని. ఆయన కూర్చుని పడుకోవడం దీక్ష అనుకుంది. నేను చల్లిన ఉప్పునీళ్లు తీర్థమనుకుంది, అందుకే ప్రార్థనలో కప్పుకున్నట్టు తల మీద చెంగు. కొడుకు ముట్టకమ్మా అని అరిస్తే, మొక్కు తలను ముట్టకూడదేమో, తనకు తెలియక చెయ్యి పెట్టబోయిందనుకుంది. తన ఇంట్లో, తన నమ్మకంలో లేని మొక్కు. దానికి ఆమె ఇన్ని రోజులు కాపలా కాసింది.

అందరూ పోగానే లోపలికి వెళ్లి మా ఆయన్ని చెయ్యి పట్టి లాక్కొచ్చాను. నువ్వు చెబుతావా, నేను చెప్పనా అన్నాను. టోపీ తీసి, ఆదివారాల్లో కూర్చునే పీట మీదే కూర్చుని చెప్పాడు. నుదుటి మీద వరసలు వరసలుగా ఎండిన చుక్కలను ఆమె వంగి చూసింది, చేతులు మాత్రం వెనక్కి పెట్టుకుంది. మొదట నొప్పి లేసిందా అని అడిగింది. లేదన్నాక అసలు మాట అడిగింది.

"మీ నాయన తల నీకు నచ్చలేదా?"

"నాయనకు మంచిగనే ఉండెనమ్మా. నాకే ధైర్యం లేదు."

అత్తమ్మ ఫొటో వైపు చూసి నవ్వింది. "ఆయనకు మాత్రం ఉండెనా? పెండ్లయిన కొత్తల ఇంట్ల గూడ రుమాలు కట్టుకోని తిరిగెటోడు. నేనే ఇడిపిచ్చిన. సిగ్గు పోవాలెనని రోజు నూనె రాసిన."

ఆ నూనె సంగతి మాకెవరికీ తెలియదు. మామయ్య తలను ఆమె ప్రేమించిందని తెలుసు కానీ, ఆయన చేత కూడా దాన్ని ప్రేమింపజేయడానికి పడిన పాటు ఆ నూనె అని తెలియదు. మా ఆయన పీట మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కన్నీళ్లు తలకు తగలవు కదా అని నేను ఊరుకున్నాను.

తర్వాత వంటింట్లో, పొంగిన టీ తుడుస్తుంటే, ఆమె నా పక్కన నిలబడి మెల్లగా అడిగింది.

"అయితే నువ్వు మొక్కలేదా బిడ్డా?"

"లేదత్తమ్మా."

"నేను ఇన్నేండ్ల సంది ఇటు అడుగుతున్న. నువ్వు అటు అడుగుతున్నవనుకున్న. ఇద్దరమైనం గదా అని జర ధైర్యమొచ్చింది."

ఆమె భుజం మీద తల పెట్టాను. కన్నతల్లి దగ్గర కూడా నేను అట్లా ఏడవలేదు.

నెల తిరిగేసరికి నాటిన వెంట్రుకలు రాలిపోయాయి. డాక్టర్ ముందే చెప్పాడు, రాలి మళ్లీ వస్తాయని. అయినా మా ఆయన దిండు గలేబు మీద ఏరుకుని చూపిస్తూ అంతా పోయిందని కూలబడ్డాడు. నాటేసిన నారు ముందు పసుపుబారి వాడుతుంది, వేరు పట్టాకే లేస్తుందని ఎల్దుర్తి పిల్లగా నేను చెప్పాను. "అలుకంగనే పండుగైతదా" అని అత్తమ్మ కసిరింది. లెక్కల మాస్టారు రోజూ అద్దంలో లెక్కపెట్టుకోవడం మాత్రం మానలేదు. నాలుగో నెలలో మొలకలు కనబడ్డాయి. ఏడాది తిరిగేసరికి ముందు భాగం నిండింది, ఇప్పుడు పెళ్లిళ్లలో ఫొటోలకు తానే ముందుకొచ్చి నిలబడుతున్నాడు. నడినెత్తికి మాత్రం నారు సరిపోలేదు. అక్కడ ఇంకా నున్నగానే ఉంది. అది మీ నాయన వాటా అంటుంది అత్తమ్మ. దాని మీద వేసే చుక్కల మందు ఆమే వేస్తుంది. ఆదివారం పీట మళ్లీ దిగింది, నూనె గిన్నె స్థానంలో మందు సీసా వచ్చింది.

చుక్కల మందుతో పాటు రోజుకొక మాత్ర కూడా రాశారు. మానేస్తే ఉన్నవీ రాలతాయట. పిల్లల కోసం చూస్తున్నామని నేనే డాక్టర్‌ను అడిగాను. చాలామందికి ఏ ఇబ్బందీ రాదని, అనుమానం వస్తే చెప్పండి, ఆపేద్దామని అన్నాడు. ఇంకొక మాట కూడా చెప్పాడు. కడుపుతో ఉన్నవాళ్లు, కావాలనుకునేవాళ్లు విరిగిన మాత్రను ముట్టుకోకూడదు. అత్తమ్మ ఆ మాటలో విరిగిన అన్న ముక్కను వదిలేసింది. మాత్రల అట్టను వంటింటి అలమారలోంచి తీసి, తన ట్రంకుపెట్టెలో పెట్టి తాళమేసింది.

ఇప్పటికీ రోజూ అన్నానికి ముందు పెట్టె తెరుస్తుంది. కొడుకు అరచేతిలో మాత్ర వేసి, మింగేదాకా నిలబడుతుంది. తర్వాత నల్లా దగ్గరికి పోయి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంటుంది. విరగకపోతే ఏమీ కాదని, ఇంత చలిరాత్రుల్లో చేతులు తడుపుకోవద్దని చాలాసార్లు చెప్పి చూశాను.

"వచ్చెటోళ్లు వస్తరు బిడ్డా," అంటుంది. "మనం తయారుండాలె గద."

చెంగుకు చేతులు తుడుచుకుని వచ్చి, మొదట నా కంచంలో అన్నం పెడుతుంది.