తడిస్తే కరిచే గోడ

రెండో తరగతి గది తుడవడంలో ఆయమ్మకు ఒక పద్ధతి ఉంది. ముందు చీపురుతో మూలల్లోంచి గుమ్మం వైపు ఊడుస్తుంది. తర్వాత తడిగుడ్డ. ఆ తర్వాత పొడిగుడ్డ. చాలామంది తడిగుడ్డతో ఆపేస్తారు, నేల దానంతట అదే ఆరుతుందిలే అని. ఆమె అలా వదలదు. చిన్న పిల్లలు చెప్పులు బయట విడిచి లోపలికొస్తారు, తడి గచ్చు మీద జారితే మోకాళ్ళు పగులుతాయి. అందుకని చివర్లో పొడిగుడ్డను పాదాల కింద వేసుకుని ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఈడ్చుకుంటూ నడుస్తుంది. ఆమె తుడిచిన గచ్చు మీద దుమ్మూ నిలవదు, తడీ నిలవదు అని టీచర్లే అంటారు.

భర్త పోయాక ఆ సర్కారు బడిలో చేరింది. జీతం సర్కారుదే గానీ ఉద్యోగం సర్కారుది కాదు, ఏటేటా కొత్తగా పెట్టుకుంటారు. కూతురు బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది, చీకటి పడ్డాకే ఇల్లు చేరుతుంది. కూతురి కూతురు అమ్మమ్మ చెయ్యి పట్టుకుని బడికొచ్చి అదే చెయ్యి పట్టుకుని ఇంటికెళ్తుంది. చదివేది ఆ రెండో తరగతే.

ఒక వానాకాలం ఆ పిల్ల అన్నం తింటూ, తమ తరగతి గోడలో చీమలున్నాయని చెప్పింది. కంటికి కనపడవట, చెయ్యి పెడితే కుడతాయట. స్విచ్చుబోర్డు కింద తడిగా ఉండే చోట పిల్లలంతా వరసగా నిలబడి ఎవరు ఎక్కువసేపు చెయ్యి ఉంచుతారో పందెం వేసుకుంటున్నారట.

మర్నాడు ఆయమ్మ ఆ గోడ మీద అరచెయ్యి ఆనించి చూసింది. చల్లగా, తడిగా ఉంది, అంతే. చీమా లేదు, దోమా లేదు. అబద్ధాలు నేర్చుకుంటున్నావని మనవరాలికి నాలుగు చీవాట్లు పెట్టింది. ఆమె మడమలు బీటలు వారి ఉంటాయి. చెప్పుల్లేకుండా నడవొద్దని డాక్టరు చెప్పినప్పటి నుంచి ఇంటా బయటా రబ్బరు చెప్పులతోనే తిరుగుతుంది. అప్పుడూ అవి కాళ్ళకే ఉన్నాయి.

ఆమె తమ్ముడు వైరింగు పని చేస్తాడు. ఏదో పని మీద అటు వచ్చి అక్కను చూద్దామని బడికొస్తే, నవ్వుకోడానికని ఈ చీమల సంగతి చెప్పింది. అతను నవ్వలేదు. బయట సన్నగా వాన పడుతోంది. అక్కను ఆ గదిలోకి తీసుకెళ్ళి, చెప్పులు విడిచి తడి గచ్చు మీద నిలబడమన్నాడు. అరచెయ్యి కాదు, చేతి వెనక వైపు ఒక్క క్షణం తగిలించి తీసేయమన్నాడు. ముంజేతి నుంచి మోచేతి దాకా సన్నగా జివ్వుమంటూ ఏదో పాకింది. ఆమె చెయ్యి లాక్కుని కొంగులో చుట్టేసుకుంది.

"గోడలకి చెవులుంటాయంటారు గదక్కా," అన్నాడు తమ్ముడు. "దీనికి పళ్ళున్నాయి."

శ్లాబు మీద నీళ్ళు పోయే దారి పూడిపోయి, ఆ నీళ్ళు గోడలోని వైరు పైపులోకి దిగుతున్నాయి. వైరు తొడుగు పెళుసై చిట్లిపోయింది. ఎర్తు తీగ ఎక్కడ తెగిందో తెలియదు. వాన పడితే గోడంతా కరెంటు. ఇదంతా చెప్పి అతను ఫ్యూజు పీకి అక్క చేతిలో పెట్టాడు. బాగుచేయాలంటే శ్లాబు మరమ్మతు చేయాలి, గోడ కొట్టి పైపు తీయాలి, కొత్త వైరు లాగాలి. అది ఇంటిపని కాదు, సర్కారు కట్టడం. బయటివాడు మేకు కొట్టడానికి కూడా అనుమతి ఉండాలి.

పెద్ద టీచరమ్మ అదే రోజు పైకి తెలియజేసింది. కరెంటాఫీసు వాళ్ళు మీటరు వరకే తమదన్నారు. కట్టడాల ఆఫీసు వాళ్ళు శ్లాబు తమదే గానీ వైరు విద్యాశాఖదన్నారు. విద్యాశాఖ వాళ్ళు ఈ ఏడు బాగోగులకిచ్చిన డబ్బు సున్నానికి అని, సున్నం వేయించారు కదా అని గుర్తుచేశారు. వేయించిన మాట నిజమే. గోడ తెల్లగా మెరుస్తోంది.

చివరికి ఒక ఇంజినీరు వచ్చాడు. వచ్చేసరికి వానలు తెరిపిచ్చి ఎండలు కాస్తున్నాయి. గోడ పొడిగా ఎండిపోయి ఉంది. కాసేపు ఫ్యూజు పెట్టించి టెస్టరు ఆనిస్తే వెలగలేదు. కంగారేం లేదని చెప్పి వెళ్ళిపోయాడు. చెడ్డవాడేం కాదు, పిల్లల్ని పేరుపేరునా పలకరించాడు కూడా. వాన పడితే ఆయన రాడు, ఆయన వస్తే వాన పడదు.

ఆ తర్వాత టీవీ వచ్చింది. గోడంత టీవీ, బడిబడికీ ఒకటి సర్కారే పంపింది. రోజూ ఒక పాఠం దానిలో చూపించి ఫోటో తీసి పైకి పంపాలి. రెండో తరగతి గదిలోనే బిగించారు, పెద్ద గది అదే కాబట్టి. ఫ్యూజు మళ్ళీ పెట్టక తప్పలేదు.

అప్పటి నుంచి ఆయమ్మ పొద్దున్న లేవగానే మొగం కడగకముందే ఆకాశం చూసేది. మబ్బుంటే అందరికంటే ముందే బడికి చేరేది. వాన రోజున ఫ్యూజు పీకేసేది. పెద్ద టీచరమ్మ చూసీ చూడనట్టు ఊరుకునేది. అలా కొన్ని వాన రోజులు గడిచాయి. ఫోటోలు సరిగా రావడం లేదని పైనుంచి అడిగారు. రెండోసారి అడిగినప్పుడు టీచరమ్మ ఆమెను పిలిచి, వాన రోజున కూడా ఒక్క గంట ఫ్యూజు ఉంచుదామని, గోడలో కరెంటు ఉందో లేదో ముందు చూడమని అడిగింది. ఆజ్ఞలా కాదు, బతిమాలినట్టే అడిగింది. ఆవిడ కళ్ళల్లోనూ బెదురుంది.

తమ్ముడు లోగడ ఒక టెస్టరు ఇచ్చాడు. పగటి వెలుగులో ఆ చిన్న ఎర్ర చుక్క ఆయమ్మ కళ్ళకు ఆనదు. అందుకని తనకు తెలిసిన దారినే పోయింది. వాన పడ్డ రోజున గది తుడిచి, చెప్పులు విడిచి, చేతి వెనక వైపు గోడకు తగిలించి చూసేది. ప్రతిసారీ ఏమీ ఉండేది కాదు. తమ్ముడికి మాత్రం చెప్పలేదు, తిడతాడని.

గోడలో కరెంటుందని చెప్పాక పిల్లలు మొదట్లో ఆ దరిదాపులకు పోయేవాళ్ళు కాదు. పందేలు అప్పుడే ఆగిపోయాయి. వాన పడ్డప్పుడల్లా ఆయమ్మ ముట్టుకోవడం చూసి చూసి వాళ్ళ భయం తీరింది. ఆ గోడకున్న మేకులకు సంచులు తగిలించడం మొదలుపెట్టారు. గోడకు వీపు ఆనించి కూర్చోవడం మొదలుపెట్టారు.

ఆమె అంత జాగ్రత్తగా చూస్తున్నది పొడి గచ్చు మీద నిలబడి. తమ్ముడు చూపించిన రోజున గచ్చు తడిగా ఉంది, కాళ్ళ కింద తడి ఉంటేనే కరెంటు ఒంట్లో పాకేది. ఆమె ముందు తుడిచి ఆరబెట్టి ఆ తర్వాతే గోడ ముట్టుకుంటోంది. పని సగంలో వదిలే అలవాటు ఉండి ఉంటే మొదటిరోజే తెలిసిపోయేది.

ఆ రోజు పొద్దున్నుంచీ ముసురు. ఆయమ్మ తుడిచింది, ఆరబెట్టింది, చూసింది. టీవీ పెట్టారు. నడుమ విరామంలో పిల్లలు వానలో గంతులేసి నీళ్ళోడుతూ లోపలికొచ్చారు. అరిచి ప్రయోజనం లేదని ఆమె గుడ్డ తేవడానికి వరండాలోకి వెళ్ళింది. ఒక పిల్ల ఇంకా గోడ దగ్గరికి రావడానికి జంకుతుంటే మనవరాలు ధైర్యం చెప్పిందట.

"మా అమ్మమ్మ పొద్దున ముట్టుకుంది. ఏం కాలేదు. ఇదిగో చూడు."

రెండు అరచేతులూ గోడకు ఆనించింది.

ఆయమ్మకు ముందు వినిపించింది ఏడుపు కాదు, నవ్వులు. ఆ పిల్ల గోడకు అతుక్కుని వణుకుతుంటే వెనకటి చీమలాట ఆడుతోందనుకుని పిల్లలంతా నవ్వారు. ఆ నవ్వులు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆయమ్మ గుమ్మంలోంచి చూసింది. పట్టుకుని లాగితే ఇద్దరూ అతుక్కుంటారని తమ్ముడు ఎప్పుడో చెప్పాడు. ఆమె మనవరాలికి వీపు తిప్పి, వరండా చివర మెయిన్ పెట్టె వైపు పరుగెత్తింది. పిల్లను అలా వదిలి ఎదురు దిక్కుకు పరుగెత్తడం ఏమిటో ఆమెకే తెలియాలి. స్విచ్చు కిందికి లాగాక లోపల పిల్ల ధబ్బున పడిన చప్పుడు వినిపించింది.

బతికింది. ఆస్పత్రిలో గుండె చూశారు, బాగానే ఉందన్నారు. రెండు అరచేతుల్లోనూ కాలిన మచ్చలు మిగిలాయి.

ఈసారి ఇంజినీరు వానలోనే వచ్చాడు. మెయిన్ వేయించి చూస్తే టెస్టరు ఎర్రగా వెలిగింది. ఆయన మొహం పాలిపోయింది. ఆ గదికి కరెంటు తీయించాడు. మరమ్మతుకు డబ్బు అడుగుతానని, వానలు వెనకబట్టాక పని మొదలవ్వొచ్చని చెప్పాడు. టీవీ మూడో తరగతి గదిలోకి మారింది. ఆ గోడ పైభాగంలో కూడా చెమ్మ దిగుతోంది. ఆయన దాన్ని కాసేపు చూసి, అక్కడ ఇంకా ఏమీ లేదు గానీ ఆయమ్మకు అలవాటేగా, రోజూ ఒకసారి చూస్తూ ఉంటే మంచిదన్నాడు.

"నేను ముట్టుకోను సార్," అంది ఆయమ్మ. "నేను ముట్టుకోబట్టే పిల్లలు ముట్టుకున్నారు. గచ్చు నాది, తుడుస్తాను. గోడ మీది."

ఆయనకు కోపం రాలేదు. గొడుగు విప్పి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"ఈ ఒక్క బడే అయితే బాగుండునమ్మా," అన్నాడు. "నా కింద ముప్ఫై బళ్ళున్నాయి. అన్నీ ఈ ఈడువే. ఇవాళ అన్నిచోట్లా వానే."

ఆయన వెళ్ళాక పెద్ద టీచరమ్మ మూడో తరగతి గది ఫ్యూజు తానే తీసి సంచిలో వేసుకుంది. పైవాళ్ళు ఫోటోలు అడిగినప్పుడు చూసుకుందాంలే అంది. అంటున్నప్పుడు ఆయమ్మ వైపు చూడలేదు.

ఇంట్లో ఆ పిల్ల ఇప్పుడు గది మధ్యలోనే నడుస్తుంది. గోడవారగా ఉన్న మంచాన్ని తనే నడిమికి లాక్కుంది. గ్లాసు, తలుపు గడియ, కుళాయి, ఏది పట్టుకోవాలన్నా ముందు ఆగుతుంది.

"అమ్మమ్మా, ఇది ముట్టుకోవచ్చా?"

ఏం కాదు, ముట్టుకో అని ఒక్క మాట అంటే సరిపోతుంది. ఆయమ్మకు ఆ మాట నోటిదాకా వస్తుంది. అనదు. లేచి వెళ్ళి, ఆ గ్లాసేదో తనే తెచ్చి పిల్ల చేతికిస్తుంది.