పరుగులో వణికిన చక్రం

మా గుర్రబ్బండి నడకలో ఉన్నంతసేపూ బుద్ధిమంతురాలే. గుర్రం పరుగందుకుందా, ఇక పళ్ళు ఊడిపోయేంత వణుకు. నేను ధవళేశ్వరంలో కాలువల ఆఫీసు గుమాస్తాగా ఉన్న రోజులవి. బండి పాతది, ఎవరో దొర సీమకు పోతూ వదిలించుకున్నది. కుడి చక్రం ఒక్కటే కొత్తది. మా వీధి చివర ఉండే ముసలి వడ్రంగి అంతకుముందు చలికాలంలోనే చేసిచ్చాడు.

ముందు గుర్రాన్ని అనుమానించాను. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఆఫీసులో తిన్న చీవాట్లన్నీ కొరడాతో దాని వీపు మీద దించాను. తర్వాత పక్కింటివారి గుర్రాన్ని అడిగి తెచ్చి పూన్చి చూస్తే, అదే వణుకు! పాపం, నా గుర్రం ఉత్తపుణ్యానికి దెబ్బలు తింది. ఇరుసుకు కొత్తగా కందెన పెట్టాను. ఎడమ చక్రం విప్పి మళ్ళీ బిగించాను. లాభం లేకపోయింది. ఇక మిగిలింది కుడి చక్రం.

వడ్రంగికి వయసు మీదపడి చేతులు కాస్త వణికేవి. ఉలి పట్టుకుంటే మాత్రం వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా వీధిలో పదిమంది ముందు అనేశాను.

"నీ చేతులు వణికితే నా బండి వణక్క ఏం చేస్తుందయ్యా?"

అందరూ గొల్లుమన్నారు. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ వారంలోనే, బాగుచెయ్యమని అతని వాకిట్లో వదిలిన రెండు బళ్ళను ఎవరివి వాళ్ళు పక్కూరికి తోలుకుపోయారు. ఆ పని తప్ప అతనికి వేరే తిండి లేదు.

ఆదివారం పొద్దున్నే తనంత తనే వచ్చాడు. ఇరుసు కింద దిమ్మ పెట్టి చక్రాన్ని నేల నుంచి లేపాడు. సుద్దముక్కను పుల్లకు కట్టి, పుల్లను నేలలో పాతి, సుద్ద అంచుకు ఆనీ ఆనకుండా నిలిపి చక్రం తిప్పాడు. చక్రం గుండ్రంగా ఉంటే గీత చుట్టూ పడాలి. సగమే పడింది. సగం చక్రం ఉబ్బి ఉంది, సగం కుంచించుకుపోయింది.

"బాబుగారూ, ఎండకి కర్ర ఎండి కీళ్ళు వదులవకుండా, ఎండలు ముదరకముందే మూడ్రోజులు కాలవలో ముంచమన్నాను కదండీ. నిండా మునిగే ఉందాండి?"

అప్పుడు గుర్తొచ్చింది. చక్రాన్ని రేవులో నిలబెట్టి, గుంజకు కట్టి, పెళ్ళికని రాజమండ్రి వెళ్ళాను. ఆ మర్నాడే కాలువకు నీళ్ళు కట్టేశారు. ఏటా వేసవిలో కట్టేదే. ఆ నోటీసు నకళ్ళు రాసింది సాక్షాత్తూ నేనే! తిరిగొచ్చేసరికి చక్రం సగం బురదనీళ్ళలో ఉంది, సగం ఎండలో మాడుతోంది. ఏమవుతుందిలే అని తుడిచి బిగించేశాను.

చుట్టూ మా ఆఫీసువాళ్ళు చేరారు. నోటీసు రాసినవాడే నీళ్ళు పోతాయని మరిచాడంటే, చచ్చేదాకా నవ్వుతారు.

"మూడు రోజులూ నిండా మునిగే ఉంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మాట్లాడకు," అన్నాను.

అతను నా మాట నమ్మాడు. తన చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"అయితే తప్పు నాదేనండి. తవరెందుకు అబద్ధమాడతారు?"

పది రోజులకు మరో చక్రం తెచ్చి బిగించాడు. "మా అల్లుడి చేత చేయించానండి. నేను చెయ్యి పెట్టలేదు," అన్నాడు. బండి ఎంత పరుగెత్తినా వణకలేదు. ముసలాడి చెయ్యి పడకపోతే ఎంత బాగుందో చూశారా అంది వీధి వీధంతా. "అదే మరి," అన్నాను నేను కూడా. ఛీ, నా నోరు పడిపోను!

ఆ తర్వాత అతను ఉలీ బాడిసా ముట్టలేదు. అల్లుడు పెట్టింది తిని అరుగు మీద కూర్చునేవాడు. నా బండి కనబడితే లేచి నిలబడి దణ్ణం పెట్టేవాడు. చెడ్డ చక్రం చేసిచ్చినందుకు ఇంకా క్షమించమని అడుగుతున్నాడని నాకు తెలుస్తూనే ఉండేది. గుర్రాన్ని అదిలించి పరుగెత్తించేవాణ్ణి. అతను పోయేదాకా ఆ ఇంటి ముందు ఒక్కనాడూ బండి ఆపలేదు.