గుమ్మం ముందు పళ్లెం

మగ్దలేనా నది మా ఆయన్ని మింగేశాక, ఆయనతో కలిసి చేపలు పట్టిన బెనిల్దో పదకొండేళ్ల పాటు తన వలలో పడ్డ మొదటి చేపను రోజూ నా గుమ్మం ముందున్న పళ్లెంలో వేసి పోయేవాడు. ఏనాడూ లోపలికి రాలేదు.

ఆ తర్వాత చేపల వేటకి ఆ దిక్కుమాలిన సర్కారు పర్మిట్లొచ్చాయి. పట్టిన చేప సొంత ఇంటివాళ్లే తినాలట, బయటివాళ్లకిస్తే వల లాక్కుంటారట. ఒకరోజు పళ్లెంలో చేప వేస్తుండగా పర్మిట్లు చూసే గార్డు పట్టుకున్నాడు.

"ఏమయ్యా, ఈవిడ నీకేమవుతుంది?"

బెనిల్దో నావైపు చూశాడు. "మా ఆయనే" అని నేనొక్క మాటంటే సరిపోయేది. ఊరు నవ్వుతుందని నోరు మెదపలేదు, దరిద్రపుదాన్ని.

"ఏమీ కాదు సార్" అన్నాడు.

వల పోయింది. ఆ వానల్లోనే కూలిపనికి పట్నం వెళ్లి జ్వరంతో పోయాడు. ఆస్పత్రిలో శవాన్ని సొంతవాళ్లకే ఇస్తామన్నారు.

"మీరేమవుతారు?"

"పెళ్లాన్ని" అన్నాను.